కనుమలు దాటిన నూరుమంది: ‘కాశీయాత్ర చరిత్ర’లో కొండదారులు, సామూహిక ప్రయాణం

ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైబడిన ఆ ప్రయాణంలో ఆయన వెంట కుటుంబసభ్యులు, పరిచారకులు, పల్లకీ బోయీలు కలిసి సుమారు నూరుమంది ఉన్నారు. దారిలో చూసినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఎప్పటికప్పుడు రాసి పంపగా, ఆ రాత 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అనే పేరుతో అచ్చయింది. గ్రంథకర్త అంతకు రెండేళ్ల ముందే, 1836లో, కన్నుమూశాడు. 1869లో మరొక ముద్రణ, 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించిన ముద్రణ వెలువడ్డాయి.

ఈ గ్రంథాన్ని తెలుగు పరిశోధకులు ప్రధానంగా రెండు మార్గాల్లో చదివారు. కులాచారాలు, నాణేలు, ధరలు, యాత్రికుల పన్నులు, కంపెనీ పాలన తెలిపే సాంఘిక చరిత్రగా చదవడం మొదటిది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) కంటే ముందే చెన్నపట్నపు శిష్టులు రాసిన వాడుకభాషా వచనానికి సాక్ష్యంగా చదవడం రెండవది. రెండు పఠనాలూ విలువైనవే. అయితే రెండింటిలోనూ దారి నేపథ్యంగానే మిగిలిపోయింది. ఊరు, గుడి, బజారు, దర్బారు ముందుకు వచ్చాయి. ఒక ఊరికీ మరొక ఊరికీ నడుమ ఉన్న కొండ వెనక్కి తగ్గింది.

చెన్నపట్నం నుంచి కాశీకి వీరాస్వామయ్య ఎన్నుకున్న దారి తీరమార్గం కాదు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపురం, జబల్పూరు, రీవా, మీర్జాపురం మీదుగా సాగిన లోనాటి మార్గం. శేషాచలం, నల్లమల, సత్మల, సాత్పురా, వింధ్య శ్రేణులను ఈ దారి వరుసగా దాటుతుంది. తిరుగుప్రయాణం మాత్రం కలకత్తా, పూరీ, గంజాం, విశాఖపట్నం, మచిలీపట్నం మీదుగా తీరం వెంబడి జరిగింది. అంటే యాత్రలో పోయే సగం కొండలది, వచ్చే సగం కడలిది. ఈ పోయే సగంలోని కనుమలు, లోయలు, కొండ అంచు ఊళ్లు గ్రంథంలో ఏ రూపంలో నిలిచాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. కొండదారి వద్ద ‘కాశీయాత్ర చరిత్ర’ ఒక వ్యక్తి దినచర్యగా ఉండడం మాని, ఒక సమూహపు అవసరాల పట్టికగా మారుతుందనీ, తెలుగు వచనంలో కొండకు వచ్చిన కొత్త రూపానికి ఆ సమూహమే కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. వర్ణన నుంచి దారికి

వీరాస్వామయ్యకు ముందు తెలుగు సాహిత్యంలో కొండకు కొరత లేదు. మహాకావ్యానికి విధించిన అష్టాదశ వర్ణనల్లో శైలవర్ణన ఒకటి. ప్రబంధకవికి కొండ తప్పించుకోలేని ఘట్టం, ప్రతిభ చూపే తావు. అయితే ప్రబంధంలోని కొండకు శిఖరాలు, సెలయేళ్లు, సిద్ధులు, కిన్నరులు ఉంటారు, దారి ఉండదు.

అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ ఇందుకు తిరుగులేని ఉదాహరణ. ప్రవరుడు హిమాలయానికి నడిచి పోలేదు. సిద్ధుడిచ్చిన పాదలేపం అతడిని అరుణాస్పదపురం నుంచి నేరుగా మంచుకొండ మీద నిలిపింది. నడుమ నదులు లేవు, మజిలీలు లేవు, అలసట లేదు. మంచుకు లేపం కరిగిపోయిన తరువాతనే అతడికి దారి అనే ప్రశ్న పుట్టింది. వరూధినిని కలిసినప్పుడు అతడు మొదట కోరింది ఇంటికి పోయే తోవ. ఆ తోవ ఆమె చెప్పదు. చివరికి అగ్నిదేవుని అనుగ్రహమే అతడిని ఇల్లు చేరుస్తుంది. రావడమూ పోవడమూ అలౌకికం కావడంతో కొండ కేవలం దృశ్యంగా మిగిలింది. ఆ దృశ్యపు వైభవానికి ఇది లోపం కాదు. ఆ వైభవం నిలిచిన నియమమే అది.

శ్రీనాథుని ‘కాశీఖండము’లో వింధ్య మరొక విధంగా కనిపిస్తుంది. అక్కడ కొండ ఒక పాత్ర. మేరువుతో పోటీపడి పెరిగి సూర్యుని దారికే అడ్డం నిలుస్తుంది. దేవతల కోరికపై అగస్త్యుడు కాశిని విడిచి దక్షిణానికి వస్తాడు, వింధ్య తల వంచుతుంది, ముని తిరిగి పోడు. తెలుగు పాఠకుని మనస్సులో కాశికీ దక్షిణదేశానికీ నడుమ ఉన్న వింధ్య ఇదే: ఒక ముని ఒక్కసారి దాటిన కొండ. వీరాస్వామయ్య తరం చదువరులకు ఈ కథ కొత్తది కాదు. ఆయన బృందం అదే కొండను ఎదురుదిశలో దాటింది. తీరమార్గాన తిరిగి వచ్చింది కనుక ఆ బృందమూ వింధ్యను ఒక్కసారే దాటింది. ఇంతకు మించి ఈ రెండు వింధ్యలకు పోలిక లేదు. కాశీఖండపు వింధ్య వంగితే దారి ఏర్పడింది. ‘కాశీయాత్ర చరిత్ర’లో వింధ్య వంగదు, మనుషులు వంగి దిగాలి.

ఈ విషయంలో వీరాస్వామయ్యకు తెలుగులో పూర్వులు లేరనడం సరికాదు. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణం శ్రీశైలానికి తరలిపోయే భక్తసమూహాలను చూపింది. కొండను గుంపుగా ఎక్కే జనం తెలుగు కావ్యంలోకి ప్రవేశించింది అక్కడే. కాని సోమనాథుని గుంపును కలిపి ఉంచేది భక్తి. దూరమూ శ్రమా భక్తి తీవ్రతకు గుర్తులుగా వస్తాయి. వీరాస్వామయ్య గుంపును కలిపి ఉంచేవి బియ్యం, నీళ్లు, బస, భద్రత. ద్విపద నుంచి వచనానికి రావడం ఎంత మార్పో, ఈ మార్పు కూడా అంతటిదే.

2. నల్లమల: ఒకే కొండ, మూడు ప్రభుత్వాలు

తిరుమల శేషుని పడగ అనీ, అహోబిలం నడుము అనీ, శ్రీశైలం తోక అనీ తెలుగునాట ఒక నమ్మిక ఉంది. శేషాచలం నుంచి నల్లమల వరకు సాగే కొండల వరుసను ఒకే శరీరంగా చూసిన యాత్రికుని ఊహ అది. 1830లో ఆ శరీరం మీదుగా నడిచినవారికి మాత్రం మూడు ప్రభుత్వాలు ఎదురయ్యాయి. తిరుమల 1801 నుంచి కంపెనీ అధీనంలో, ఉత్తర ఆర్కాటు కలెక్టరు పర్యవేక్షణలో ఉంది. 1843లో గాని అది హథీరాంజీ మఠం మహంతుల చేతికి పోలేదు. బాలపల్లె కనుమ దాటి చేరే కడప సీమ, 1800లో నిజాం కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల్లోది. ఆత్మకూరు, శ్రీశైలం కందనవోలు నవాబు గులాం రసూల్‌ఖాన్ ఏలుబడిలో ఉన్నాయి; కంపెనీ ఆ రాజ్యాన్ని కలుపుకున్నది 1839లో. కృష్ణ దాటితే నిజాం నాసిరుద్దౌలా రాజ్యం.

ఈ సరిహద్దులు గ్రంథంలో పటం మీది గీతలుగా రావు. సుంకం చోట, కావలి చోట, దారి చోట తెలుస్తాయి. కంపెనీ సీమలో యాత్రికుడు దేవస్థానపు రుసుములు చెల్లిస్తాడు. నవాబు సీమలో శ్రీశైలానికి పోయే ప్రతి యాత్రికుడూ కొండ ఎక్కినందుకు పన్ను కట్టాలి. దేవుడు ఒక్కడే అయినా కొండ ఎక్కే వెల ఒక్కటి కాదు. యాత్రికుల పన్నులపై వీరాస్వామయ్య చూపిన శ్రద్ధను సాంఘిక చరిత్రకారులు గుర్తించారు. నూరుమందితో నడిచేవాడికి తలపన్ను అంటే ఏమిటో ఆలోచిస్తే ఆ శ్రద్ధకు మరొక కారణం దొరుకుతుంది. ఒంటరి సన్యాసికి పన్ను ఒక అవమానం మాత్రమే; ఒక బృందానికి పెద్దగా ఉన్నవాడికి అది లెక్క.

ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి పాత కాలిదారి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొల్లం మీదుగా పోతుంది. ఈ దారిలో బండి నడవదు. లోయలోకి దిగి మళ్లీ నిట్టనిలువుగా ఎక్కే మెట్ల వద్ద పల్లకి కూడా సాగదు. డోలీ గాని, కాలినడక గాని శరణ్యం. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన కీర్తి పద్నాలుగో శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిది. ఒక రాజు కీర్తిలో కొండమెట్లు గుడిగోపురాలతో సమానంగా నిలవడం గమనించదగినది. దారి వేయడం అప్పటికి ధర్మకార్యం. కంపెనీ కాలానికి అది సైనికకార్యం అయింది. వీరాస్వామయ్య ఈ రెండు కాలాల నడుమ నడిచాడు. ఆయన కాలి కింద పాత మెట్లూ ఉన్నాయి, కొత్త సడకూ ఉంది.

నల్లమల దారుల కావలి చెంచులది. యాత్రికులకు తోవ చూపడం, అడవిలో రక్షణ ఇవ్వడం, అందుకు ప్రతిఫలం పుచ్చుకోవడం వారి హక్కుగా సాగింది. చెన్నపట్నపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన వ్యక్తి, ఇంగ్లీషు చట్టపు భాషను దేశభాషల్లోకి మార్చడం వృత్తిగా గలవాడు, ఈ అడవిలో చెంచు మాట మీద ఆధారపడవలసి వచ్చింది. నల్లమలలో చదువు తెలిసినవాడు వెనక నడుస్తాడు, దారి తెలిసినవాడు ముందు నడుస్తాడు. గ్రంథం ఈ తారుమారును వ్యాఖ్యానించదు. అయితే దారికి సంబంధించిన ఏ వివరమూ ఒక్కడు కూర్చుని సంపాదించగలిగింది కాదన్న సంగతి ఇక్కడ స్పష్టమవుతుంది.

3. నిర్మల్ నుంచి వింధ్య అంచు దాకా

హైదరాబాదు దాటిన తరువాత దారి స్వభావం మారుతుంది. నల్లమలలో కొండ యాత్రకు గమ్యం. దానిపై దేవుడు ఉన్నాడు. నిర్మల్‌కు ఉత్తరాన ఉన్న సత్మల కొండలు, నాగపురం మైదానం నుంచి సివనీ పీఠభూమికి ఎక్కించే సాత్పురా కనుమలు, రీవా పీఠభూమి అంచున మీర్జాపురం వైపు దిగే వింధ్య ఘట్టాలు గమ్యాలు కావు, గమ్యానికి అడ్డంకులు. నేడు మహబూబ్‌ఘాట్ అని పిలిచే ఎక్కుడు ఈ సత్మల వరుసలోనిదే. భక్తి ఎక్కించే కొండ వేరు, అవసరం ఎక్కించే కొండ వేరు. మొదటిదాన్ని గురించి రాయడానికి తెలుగులో స్థలపురాణం ఉంది. రెండవదాన్ని గురించి రాయడానికి నమూనా లేదు. వీరాస్వామయ్య వచనం తన నమూనాను తానే కల్పించుకోవలసి వచ్చింది.

ఆ నమూనా మజిలీ. ప్రతి మజిలీకి ఊరి పేరు, దూరం, దారి రాతిదా రేగడిదా ఇసుకదా, నడుమ వాగులున్నాయా, ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లున్నాయా, నీటి వసతి ఎలాంటిది, దిగడానికి చెట్టునీడ గాని సత్రం గాని ఉందా అన్నవి వరుసగా వస్తాయి. దక్షిణాన ఆమడల్లో సాగిన లెక్క ఉత్తరాన కోసుల్లోకి మారుతుంది. ఈ వరుస విసుగు పుట్టిస్తుందని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కాని ఇందులోని ప్రతి అంశమూ ఒక ప్రశ్నకు జవాబు. ఊరు పెద్దదా అన్న ప్రశ్న జనాభా కుతూహలం కాదు; ఒక పూటకు నూరు విస్తళ్లకు సరిపడే బియ్యం అక్కడ దొరుకుతుందా అన్నది. చెట్టునీడ ప్రకృతివర్ణన కాదు. ఎన్ని డేరాలు పడతాయన్నది. వాగు సెలయేటి సొగసు కాదు. వాన కురిస్తే ఎన్నాళ్లు ఆగాలన్నది.

వాన ప్రస్తావన ఇక్కడ ముఖ్యం. మే నడుమ చెన్నపట్నం విడిచినవారికి కృష్ణకూ నర్మదకూ నడుమ దారి వానకాలంలోనే పడుతుంది. గోదావరి, పెన్‌గంగ, నర్మద ఈ దారికి అడ్డంగా పారే నదులు. వాటికి చేరే కొండవాగులు గంటల్లో పొంగి గంటల్లో తీస్తాయి. కొండదారిలో ఆలస్యమంటే బోయీల కూలి, తిండిఖర్చు, జబ్బుల భయం. ప్రబంధంలో ఋతువర్ణన వేరు, శైలవర్ణన వేరు. ఈ దారిలో ఋతువూ శైలమూ విడదీయరానివి. వాన పడితేనే కనుమ కనుమగా తెలుస్తుంది.

ఈ మార్గం ఎవరిదన్న ప్రశ్న కూడా ఆలోచించదగినది. హైదరాబాదు నుంచి నాగపురం, జబల్పూరు మీదుగా మీర్జాపురం చేరే దారిని కంపెనీ సైనిక అవసరాలకు బాగుచేసుకుంది. నాగపురం పక్కన కామఠీ దండు 1821లో ఏర్పడింది. కాని కంపెనీకి ముందే ఆ కనుమలను తొక్కి దారిగా చేసినవి బంజారాల పెరికె ఎద్దులు. నాగపురం, బేరారు ప్రాంతాల ప్రత్తి ఈ దారినే గంగ ఒడ్డున ఉన్న మీర్జాపురం బజారు చేరేది. సరకు, సేన, యాత్రికుడు ఒకే కనుమను పంచుకున్నారు. కంపెనీ పాలనపట్ల వీరాస్వామయ్యకు ఉన్న అనుకూలదృష్టి సువిదితం. ఆయన మెచ్చుకున్న సడక్ వెనక ఎద్దుల గిట్టలు పరచిన పాత దారి ఉన్నదన్న సంగతిని పాఠకుడు చేర్చి చదువుకోవాలి.

ఇదే దారికి థగ్గుల పేరు కూడా ముడిపడి ఉంది. 1830ల్లో జబల్పూరు కేంద్రంగా విలియం స్లీమన్ నడిపిన అణచివేత సాగింది ఈ ప్రాంతంలోనే. థగ్గులంటే ఎవరు, వారి గురించి కంపెనీ కాగితాలు చెప్పినదంతా నిజమా అన్నది చరిత్రకారుల మధ్య తెగని వాదం. వాదం ఎటు తేలినా ఒక విషయం మారదు: ఆనాటి కొండదారిలో ఒంటరితనం ప్రమాదం. నూరుమంది పరివారం ఆడంబరంగా కనిపించవచ్చు. అది ఆడంబరమే కాదు, కోట కూడా. గోడలు లేని కోట, నడిచే కోట.

ఒక పదం చర్చ ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. కొండల నడిమి దారికి తెలుగు మాట కనుమ, వాడుకలో కనమ. నీటిలోకి దిగే చోటుకు తెలుగు మాట రేవు. హిందుస్తానీలో ఈ రెంటికీ ఒకే మాట: ఘాట్. తెలుగుభాషలో విడివిడిగా ఉన్న రెండు అనుభవాలు ఉత్తరాదిలో ఒకే పదంలో ఇమిడిపోయాయి. కొండ ఘాట్‌లు దిగి నది ఘాట్‌లు చేరడమే ఈ యాత్ర. నేడు తెలుగువారు ‘ఘాట్ రోడ్డు’ అంటున్నారు. తిరుమలకు మోటారు దారి 1944లో వచ్చిన తరువాత ఆ మాట ఇంటింటి మాట అయింది. కనుమ ఊళ్ల పేర్లలోనూ పెద్దల నోళ్లలోనూ మిగిలింది. మాట మారడంతో పాటు కొలత కూడా మారింది. కనుమను కాళ్లతో కొలిచారు. ఘాట్ రోడ్డును మలుపులతో లెక్కపెడుతున్నారు.

4. ఏకవచన క్రియ, బహువచన శ్రమ

‘కాశీయాత్ర చరిత్ర’ వాక్యం సాధారణంగా ఉత్తమపురుష ఏకవచనంలో ముగుస్తుంది. బయలుదేరినవాడు ఒక్కడు, ఊరు చేరినవాడు ఒక్కడు. వ్యాకరణం ప్రకారం కర్త వీరాస్వామయ్య. కాని ఆ క్రియను జరిపించిన శరీరాలు ఆయనవి కావు. ఒక పల్లకిని ఒకేసారి నలుగురు మోస్తే భుజం మార్చుకోవడానికి అంతమందీ పక్కన నడవాలి. మైదానంలో ఈ మార్పు అలవాటుగా, లయగా సాగిపోతుంది. కనుమలో సాగదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముందువారి భుజానికీ వెనకవారి భుజానికీ ఎత్తు కుదరదు. దండె సమంగా నిలవదు. రాతిగొట్టు దారిలో ఒకరి కాలు జారితే అందరి కాళ్లూ తడబడతాయి. మైదానంలో కనబడకుండా పోయే మోత కొండలో కనబడక తప్పదు.

గ్రంథంలో కొండదారుల వివరాలు మైదానపు దారుల కంటే సూక్ష్మంగా ఉండడానికి కారణం ఇక్కడే వెతకాలి. పల్లకిలో కూర్చున్నవాడికి రాతిదారి కుదుపుగా మాత్రమే తెలుస్తుంది. అది గుండ్రాయా, పలకరాయా, తడిస్తే జారుతుందా, మోకాటికి ఎంత బరువు అన్నవి మోసినవాడికే తెలుస్తాయి. దారి ఎక్కడ కష్టమో, ఎక్కడ సులువో ప్రతి మజిలీకీ రాసిన గ్రంథకర్త ఆ జ్ఞానాన్ని రెండు విధాలుగానే పొందగలడు: తాను దిగి నడిచి, లేదా మోసినవారి మాట విని. ఏ విధంగా చూసినా ఆ వాక్యాలలో బోయీల పాదాలున్నాయి. ప్రవరుని పాదాలకు లేపం ఉంది. వీరాస్వామయ్య వచనానికి బోయీల పాదాలున్నాయి.

పల్లకి ఎక్కిన ప్రభువును కాక మోసిన బోయీలను గురించి అడగమని శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ తెలుగు చరిత్రరచనకు నేర్పింది. ఆ ప్రశ్నను ‘కాశీయాత్ర చరిత్ర’కు వేయడం సులభం. గ్రంథకర్త పల్లకి ఎక్కినవాడు, రాసినవాడు. మోసినవారు రాయలేదు, వారి సొంత మాట గ్రంథంలో వినిపించదు. ఇంతవరకు చెప్పి ఆగితే అది అభియోగంగా మిగులుతుంది. ఆ వచనాన్ని దగ్గరగా చదివినప్పుడు అభియోగం కంటే చిక్కైన విషయం ఒకటి బయటపడుతుంది. మోసినవారు గ్రంథంలో పాత్రలుగా లేకపోయినా కొలతలుగా ఉన్నారు. దూరం ఎంత అన్నది వారి ఒక పూట నడక. దారి మంచిది అంటే వారి భుజానికి మంచిది. ఊరు వసతి అంటే వారికీ తిండి దొరికే ఊరు. రచయిత స్వరం ఏకవచనం. రచయిత ప్రమాణం బహువచనం.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. దారి వివరాలు రాయడం బోయీలపై శ్రద్ధ వల్ల కాదు, తరువాత వచ్చే యాత్రికులకు పనికివస్తాయని రాశాడు అని. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. మిత్రునికి పంపిన రాతలో ఇతర ప్రయాణికుల ఉపయోగం కూడా ఉద్దేశించాడనడంలో సందేహం అక్కరలేదు. కాని ఉద్దేశం ఎవరి కోసమన్నది ఒక ప్రశ్న, జ్ఞానం ఎవరిదన్నది మరొక ప్రశ్న. రాసింది రాబోయే ధనిక యాత్రికుని కోసమే కావచ్చు. రాయడానికి ఆధారమైన తెలివి మాత్రం నడిచినవారి నుంచి వచ్చింది. సాహిత్యచరిత్రలో మొదటి ప్రశ్నకు జవాబు తరచుగా దొరుకుతుంది. రెండవ ప్రశ్నను అడగడమే తక్కువ.

5. అదే కాలపు మరొక కొండ

వీరాస్వామయ్య కనుమలు దాటుతున్న సంవత్సరాల్లోనే ఈ దేశంలో కొండకు మరొక అర్థం ఏర్పడుతూ ఉంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కి, తరువాత ఉదకమండలంలో ఇల్లు కట్టుకున్నాడు. సిమ్లాలో 1822లో తొలి ఇంగ్లీషు ఇల్లు లేచింది. చెన్నపట్నం గవర్నరు లషింగ్టన్ కాలంలో, 1830 తరువాతి రెండు మూడేళ్లలో, కూనూరు ఘాట్ దారి పడింది. వేసవి ఎండకు తాళలేని అధికారి చల్లదనం కోసం, అందం కోసం కొండ ఎక్కడం అప్పుడే మొదలైంది. కొండ ఊరు విశ్రాంతికి చోటు అయింది. లోయ చూడవలసిన దృశ్యం అయింది.

వీరాస్వామయ్య ఇంగ్లీషు బాగా తెలిసినవాడు, ఇంగ్లీషు న్యాయమూర్తుల మధ్య ఉద్యోగం చేసినవాడు. అయినా ఆయన కొండలు ఆ కొండలు కావు. ఆయన వచనంలో లోయను నిలబడి చూసే తావులు తక్కువ, దాటే తావులు ఎక్కువ. ఇది సౌందర్యదృష్టి లేకపోవడం వల్ల కాదు. దృశ్యం చూడడానికి కొండపై తీరిక కావాలి; తీరిక ఉండాలంటే తిండి, నీరు, భద్రత అప్పటికే అమరి ఉండాలి. నూరుమంది బాధ్యత మోసేవాడికి కనుమలో ఆ తీరిక ఉండదు. ప్రబంధకవికి కల్పన ఇచ్చిన తీరికను, ఇంగ్లీషు అధికారికి పాలన ఇచ్చిన తీరికను కలిపి చూస్తే, ఆ రెంటికీ నడుమ తీరిక లేని కొండను నమోదుచేసిన తెలుగు వచనంగా ‘కాశీయాత్ర చరిత్ర’ విశిష్టత తెలుస్తుంది.

తరువాతి కథ పొగబండిది. 1870 నాటికి జబల్పూరు మీదుగా బొంబాయి, కలకత్తాలకు రైలు కలిసింది. 1860ల్లో చెన్నపట్నం నుంచి వాయవ్యంగా సాగిన రైలుదారి బాలపల్లె మీదుగానే కడప సీమలోకి ప్రవేశించింది. కాశీయాత్ర నెలల నుంచి రోజులకు తగ్గింది. కనుమ కిటికీలో నుంచి కనిపించే క్షణం అయింది. ఇరవయ్యో శతాబ్దంలో నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ వంటి యాత్రాగ్రంథం వచ్చేసరికి కొండలోయల అందమే తెలుగు యాత్రారచనకు తగిన వస్తువు కాగలిగింది. అది సాహిత్యానికి లాభమే. అయితే ఆ లాభంతో పాటు ఒకటి పోయింది: ఎవరు మోస్తే ఈ దారి నడిచిందో వాక్యంలోనే తెలిసే గుణం. డ్రైవరు, కూలీ, గుర్రపువాడు యాత్రారచనల్లో పాత్రలుగా కనిపిస్తారు; ప్రమాణాలుగా ఉండరు.

హైదరాబాదు నుంచి మీర్జాపురం దాకా వీరాస్వామయ్య నడిచిన దారిని దాదాపుగా అనుసరించేది పాత 7వ జాతీయ రహదారి. వారణాసి నుంచి కన్యాకుమారి వరకు 2,369 కిలోమీటర్ల పొడవుతో, 2010లో సంఖ్యలు మారేవరకు దేశంలో అతి పొడవైన జాతీయ రహదారిగా దానికి పేరు. నిర్మల్, ఆదిలాబాదు, నాగపురం, సివనీ, జబల్పూరు, రీవా ఆ రహదారి మీది ఊళ్లే. వానకాలంలో ఆయన బృందం ఎన్నో మజిలీలుగా దాటిన సాత్పురా అంచు నేడు వాహనంలో కొద్దిసేపటి ప్రయాణం. దారి రేఖ మారలేదు. దారి బరువు మారింది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: తెలుగు సాహిత్యంలో కొండ వర్ణనావస్తువు నుంచి దారిగా మారిన చోట్లలో ‘కాశీయాత్ర చరిత్ర’ ముఖ్యమైనది, ఈ మార్పుకు వచనప్రక్రియ ఒక్కటే కాక ప్రయాణపు సామూహిక స్వభావం కూడా కారణం. రెండు: ఒకే కొండల వరుసపై కంపెనీ, కందనవోలు నవాబు, నిజాం ప్రభుత్వాలు వేరువేరు పన్నులుగా, కావళ్లుగా, దారులుగా అనుభవానికి వచ్చాయి, రాజకీయ చరిత్రకు కొండదారుల వివరాలు దర్బారు వర్ణనలంత విలువైన ఆధారాలు. మూడు: పల్లకి మోసినవారి స్వరం గ్రంథంలో లేకపోయినా, వారి శ్రమ ఆ గ్రంథపు కొలమానంగా నిలిచింది.

మూడవ విషయం తెలుగు యాత్రాసాహిత్య అధ్యయనానికి ఒక పద్ధతిని సూచిస్తుంది. యాత్రికుడు ఏమి చూశాడన్న ప్రశ్నతో పాటు, అతడు దూరాన్ని దేనితో కొలిచాడన్న ప్రశ్నను ప్రతి యాత్రాగ్రంథానికీ వేయవలసి ఉంది. ఆమడ, కోసు, మజిలీ, పూట, రూపాయి, గంట అన్న మాటల్లో ఏది ఎక్కడ వస్తున్నదో గమనిస్తే, ఆ ప్రయాణాన్ని ఎవరి శరీరం మోసిందో తెలుస్తుంది. పేర్లు దక్కనివారికి సాహిత్యచరిత్రలో చోటు వెతకడానికి పేర్లే ఆధారం కానక్కరలేదు. వారి అడుగులతో కొలిచిన దూరాలు ‘కాశీయాత్ర చరిత్ర’లో ప్రతి మజిలీ దగ్గరా ఇప్పటికీ అచ్చులో ఉన్నాయి.